ముద్రణయంత్రమునకు దుబాసీ
(ల్యాప్‌టాపులో ప్రింటరు డ్రైవరు కుదరనప్పుడు తలిదండ్రులు చేయదగిన పనులు)

ఏటేట ఈ సంచికలో పిల్లల వ్రాతలతోపాటు తలిదండ్రులకు పనికివచ్చు వ్యాసమొకటి యైనను ఉండవలెనని మా సంకల్పము. ఈ యేడు మేమెన్నుకొన్న విషయము చూచుటకు చిన్నది. ల్యాప్‌టాపునకు ప్రింటరును తగిలించి, దానికి కావలసిన 'డ్రైవరు'ను ఎక్కింపబోగా అది యెక్కక మొరాయించును. తెరమీద ఏదో యింగ్లీషు వాక్యము కనబడును. ఇంటిల్లిపాదియు ఒకరి ముఖమొకరు చూచుకొందురు. అట్టి సమయమున చేయవలసినదేమి, చేయరానిదేమి యను సంగతిని సాధ్యమైనంత తేట తెలుగున వివరించెదము.

పాఠశాల సంచికలో వ్రాయదగిన విషయమేనా యిది యని కొందరు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. మా సమాధానము వినుడు. కామాఠీపురా గల్లీలలోను, వరళి, ప్రభాదేవి చాళ్ళలోను మనవారి యిండ్లు ఎట్టివో మీకు మేము చెప్పనక్కరలేదు. ఒకటే ఖోలీ, అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే పిల్లల చదువు. 2020లో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడి పాఠములు ఇండ్లకు వచ్చినప్పుడు, ఆ ఖోలీలలోనికి ల్యాప్‌టాపు కూడ వచ్చినది. కొందరు అప్పుచేసి కొనిరి. కొందరు ఎవరో వాడి విడిచినదానిని తెచ్చుకొనిరి. దాని వెనుక ప్రింటరును వచ్చినది. ఏలయనగా, ఈ దేశమున తెరమీది యక్షరమునకు ఇంకను పూర్తి చెల్లుబాటు లేదు. దరఖాస్తు కావలెను, నకలు కావలెను, దానిపై సంతకమును ముద్రయు కావలెను. పిల్లవాని మాతృభాష తెలుగని వ్రాసియున్న పాఠశాల విడుదల పత్రము మొదలుకొని పరీక్షకు కూర్చుండుటకైన అనుమతి పత్రము వరకు అన్నియు కాగితముమీదనే చేతికి రావలసియున్నవి. గడువు దినమున ప్రింటరు పలుకకున్నచో, నష్టపడునది యంత్రము కాదు, పిల్లవాడు.

మాకైన పరాభవము

ముందుగా మా మీదనే చెప్పుకొందుము. మహారాష్ట్రములో పదవ తరగతి పరీక్షల అనుమతి పత్రములను పరీక్షామండలి ఇప్పుడు పాఠశాలలకు అంతర్జాలము ద్వారా అందించుచున్నది. పాఠశాలవారు వాటిని అచ్చువేసి, ప్రధానోపాధ్యాయుని సంతకమును ముద్రయు చేర్చి పిల్లల చేతికీయవలెను. ఆ పని చేయుచుండిన మా పాత కంప్యూటరు సరిగా ఆ దినములలోనే చెడిపోయినది. పూర్వవిద్యార్థి యొకరు దయతో ఇచ్చిన క్రొత్త ల్యాప్‌టాపు ఉన్నది గదా యని ధైర్యముగా ప్రింటరు తీగను దానికి తగిలించితిమి. ప్రింటరుతో వచ్చిన సీడీని వేయుదమన్నచో క్రొత్త ల్యాప్‌టాపునకు సీడీ పెట్టు చోటే లేదు. సీడీలోని కార్యక్రమమును మరియొక చోట పెన్‌డ్రైవులోనికి ఎక్కించి తెచ్చి నడిపితిమి. సగము వరకు పోయి ఆగినది. మరల నడిపితిమి. మరల ఆగినది. ఇట్లు నాలుగు మారులు చేసితిమి.

మా పేటకు కూతవేటు దూరమున ల్యామింగ్టన్ రోడ్డు కలదు. కంప్యూటరు సామానులకు బొంబాయి యంతటికి అదియే పెద్ద బజారు. అచ్చట నొక దుకాణమువాడు యంత్రమును తేరిపార చూడకయే, "ఇది పోయింది, కొత్తది తీసుకోండి" అనెను. మేము కొనియుండెడివారమే. బడి ఖజానాలో అంత సొమ్ము లేకపోవుటచేత కొనలేదు. ఆ లేమియే మాకు మేలు చేసినది. ఆ రాత్రి నిదానముగా కూర్చుండి ఒక్కొక్కటిగా చూడగా, ప్రింటరు చెడలేదు, ల్యాప్‌టాపు చెడలేదు. రెంటికి నడుమ మాటలు కలుపవలసిన మూడవవాడు సరియైనవాడు కాడు, అంతియే. సరియైనవానిని నియోగింపగా అరగంటలో పత్రములన్నియు అచ్చైనవి. ఆ మూడవవాని కథయే ఈ వ్యాసము.

దుబాసీ లేక మాట లేదు

మన పూర్వులు నిజాము రాజ్యమునందలి తెలుగు గ్రామములనుండి పనికై ఈ నగరమునకు వచ్చి, రాళ్ళు మోసి, మట్టి త్రవ్వి, కట్టడములు కట్టిరి. వారిని కామాఠీలనిరి; వారు కాపురమున్న పేట కామాఠీపురా యైనది. ఇప్పటికిని ఆ గల్లీలు పేర్లకంటె అంకెలతోనే పిలువబడుచున్నవి. తొలుత వచ్చినవానికి మరాఠీ తెలియదు, యజమానికి తెలుగు తెలియదు. నడుమ ముకద్దమొకడు నిలిచి, ఇతని మాట అతనికిని అతని మాట ఇతనికిని చెప్పినగాని తట్ట కదలదు. మదరాసు వైపున ఇట్టివానినే దుబాసీ యనిరి. రెండు భాషలవాడని దాని యర్థము. 1830-31లో కాశీయాత్ర చేసి ఆ చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ యుద్యోగము చేసినవారే.

డ్రైవరనగా ఇట్టి దుబాసీయే. ల్యాప్‌టాపు తన భాషలో "ఈ పుటను అచ్చువేయుము" అనును. ప్రింటరునకు ఆ మాట తెలియదు. దానికి తెలిసినది వేరు: ఇచ్చట ఇంత సిరా, అచ్చట ఇంత ఎడము, ఇప్పుడు కాగితమును లాగుము, ఇప్పుడు విడువుము. ల్యాప్‌టాపు మాటను ప్రింటరు మాటగా మార్చు చిన్న కార్యక్రమమే డ్రైవరు. అది యంత్రములో ఒక భాగము కాదు. కంటికి కనబడునది కాదు. వ్రాసిపెట్టిన ఆజ్ఞల కట్ట మాత్రమే. కావుననే అది చెడినచో సుత్తితోను మరలతోను పనిలేదు. కొత్త కట్టను తెచ్చుకొన్న చాలును.

ప్రింటర్లన్నిటికి ఒకే భాష లేకపోవుట ఈ చిక్కునకు మూలము. 1984లో అడోబీ సంస్థవారు పోస్టుస్క్రిప్టు అను పుటవర్ణన భాషను వెలువరించిరి. అదే యేడు హెచ్.పి. వారి లేజరుజెట్ ప్రింటరు పీసీఎల్ అను మరియొక భాషతో వచ్చినది. ఇతరులు తమ తమ భాషలు కల్పించుకొనిరి. మన యిండ్లకు వచ్చు చవక ప్రింటర్లలో చాలవాటికి సొంత తెలివి మిక్కిలి తక్కువ. పుటను చుక్కలుగా విడదీయు శ్రమయంతయు ల్యాప్‌టాపే చేయవలెను. అట్టివాటికి తమ సొంత దుబాసీ తప్ప పరుడు పనికిరాడు.

ఈ విషయమున ప్రపంచమెరిగిన కథ యొకటి కలదు. 1980 ప్రాంతమున అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున రిచర్డ్ స్టాల్‌మన్ అను యువకుడు పనిచేయుచుండెను. ప్రయోగశాలకు క్రొత్తగా వచ్చిన లేజరు ప్రింటరులో కాగితము తరచు చిక్కుకొనుచుండెను. పాత ప్రింటరు విషయమున ఆయన దానిని నడపు కార్యక్రమమును సవరించి, కాగితము చిక్కుకొన్నప్పుడు ఆ సంగతి అందరి తెరలకు తెలియునట్లు చేసియుండెను. క్రొత్తదానికిని అట్లే చేయుదమన్నచో దాని మూలవ్రాతను ఎవ్వరును ఈయలేదు. కొన్నవాడు తన యంత్రమును తాను బాగుచేసికొనలేకపోవుట అన్యాయమని ఆయన తలచెను. 1983లో ఆయన ప్రకటించిన గ్నూ ఉద్యమమునకు ఆ యనుభవమొక కారణము. నేటి స్వేచ్ఛా సాఫ్టువేరు అందుండియే పెరిగినది. కావున ప్రింటరు డ్రైవరు కుదరక విసిగినవారిలో మనమే మొదటివారము కాము.

ముందు యంత్రమును పరీక్షింపుడు

ఇక పని సంగతికి వత్తుము. మొదట తెలిసికొనవలసినది తప్పు ప్రింటరుదా, తీగదా, దుబాసీదా యన్నది. ల్యాప్‌టాపునుండి తీగను తీసివేసి, ప్రింటరుచేతనే దాని పరీక్షాపుటను అచ్చువేయింపుడు. చాల ప్రింటర్లలో ఒక మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టుకొన్నచో ఆ పుట వెలువడును. ఏ మీట యన్నది యంత్రముతో వచ్చిన పుస్తకములో నుండును. ఆ పుట చక్కగా వచ్చినచో ప్రింటరు బ్రతికియున్నదని నమ్మవచ్చును. దుకాణమువాడు "పోయింది" అనినను నమ్మనక్కరలేదు. ఈ యొక్క పరీక్ష మేము ముందే చేసియున్నచో ల్యామింగ్టన్ రోడ్డు ప్రయాణము తప్పియుండెడిది.

రెండవది తీగ. చాళ్ళలో తీగలు మంచము క్రిందను, డబ్బాల వెనుకను నలుగుచుండును. వేరొక తీగతో చూడుడు. ల్యాప్‌టాపునకు ప్రక్కనున్న వేరొక రంధ్రమున పెట్టి చూడుడు. ఒక రంధ్రమును నాలుగుగా చేయు పంపకపు పెట్టె నడుమనున్నచో దానిని తీసివేసి తిన్నగా తగిలింపుడు.

దుబాసీ ఏల కుదరడు

ప్రింటరును తీగయు బాగుండి డ్రైవరు మాత్రము ఎక్కకున్నచో, కారణము క్రింది వానిలో నొకటి కావచ్చును. ఈ వరుసలోనే చూచినచో శ్రమ తగ్గును.

మొదటి కారణము, డ్రైవరు ఈ ల్యాప్‌టాపు జాతికి చెందినది కాకపోవుట. మా బడిలో జరిగినది ముఖ్యముగా ఇదియే. భివండీ, షోలాపురములలో మగ్గములెరిగిన కుటుంబములు మనలో ఎన్నియో కలవు. వారికిది సులభముగా తెలియును. 1804లో ఫ్రాన్సు దేశీయుడు జాకార్డు కనిపెట్టిన సాధనములో పువ్వు ఎట్లు దిగవలెనో రంధ్రములు గ్రుద్దిన అట్టలు చెప్పును. 120 కొక్కెముల జాకార్డునకు గ్రుద్దిన అట్టలను 240 కొక్కెముల దానికి తగిలించినచో చీరమీద పువ్వు దిగదు. అట్టల తప్పు లేదు, మగ్గము తప్పు లేదు. రెంటికి పొత్తు లేదు. కంప్యూటర్లలోను అట్లే 32 బిట్ల జాతి, 64 బిట్ల జాతి యని రెండు కలవు. పాత సీడీలలోనివి తరచు 32 బిట్ల డ్రైవర్లు. విండోస్ 11 అనునది 64 బిట్ల రూపముననే వచ్చినది. 32 బిట్ల డ్రైవరును అది యంగీకరింపదు. ఇటీవల వచ్చుచున్న కొన్ని ల్యాప్‌టాపులలో ఆర్మ్ అను మూడవ జాతి మెదడు కూడ నున్నది. దానికి ప్రత్యేకముగా వ్రాసిన డ్రైవరే కావలెను. మీ ల్యాప్‌టాపు ఏ జాతిదో తెలిసికొనుటకు సెట్టింగ్సు తెరచి, సిస్టమ్ అను భాగమున అబౌట్ అనుచోట చూడుడు. సిస్టమ్ టైప్ అను మాటకెదురుగా వ్రాసియుండును. దానిని, ప్రింటరుమీది చీటిలోని పూర్తి నమూనా సంఖ్యను ఒక కాగితముమీద వ్రాసికొనుడు. సంఖ్య చివరనుండు ఒక్క అక్షరము తప్పినను డ్రైవరు వేరగును.

రెండవ కారణము, తొందరపాటు. అనేక ప్రింటర్ల విషయమున డ్రైవరు కార్యక్రమమును మొదట నడపి, అది "ఇప్పుడు తీగ తగిలింపుము" అని చెప్పినప్పుడే తగిలింపవలెను. మనము ఉత్సాహముతో ముందే తగిలించినచో ల్యాప్‌టాపు తన వద్దనున్న ఎవరో ఒక దుబాసీని అచ్చట కూర్చుండబెట్టును. తరువాత అసలువాడు వచ్చినను వానికి చోటుండదు.

మూడవ కారణము, పాత ప్రయత్నముల శిథిలములు. సగములో ఆగిన ప్రతి ప్రయత్నమును కొన్ని తునుకలను లోపల విడిచిపోవును. నాలుగు మారులు చేసిన మాకు నాలుగింతల చెత్త మిగిలినది. క్రొత్త గోడకు సున్నము కొట్టుటకు ముందు పాత పెచ్చులు గీకివేయుట మేస్త్రీలందరెరిగిన పనియే. అందులకు దారి యిది. తీగను తీసివేయుడు. సెట్టింగ్సులో బ్లూటూత్ అండ్ డివైసెస్, దానిలో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ అనుచోటికి పోయి ఆ ప్రింటరు పేరును నొక్కి రిమూవ్ అనుడు. తరువాత అదే పుటలో క్రిందనుండు ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ అనుదానిని తెరచి, డ్రైవర్స్ అను భాగమున ఆ ప్రింటరు డ్రైవరును ఎన్నుకొని, డ్రైవరును దాని మూటను కూడ తొలగింపుమని చెప్పుడు. పిమ్మట ల్యాప్‌టాపును ఒకమారు ఆపి మరల మేల్కొలుపుడు. ఈ పునఃప్రారంభమును తేలికగా తలంపరాదు. సగము చిక్కులు అచ్చటనే విడును.

నాలుగవ కారణము, అధికారము లేకపోవుట. ల్యాప్‌టాపులో యజమాని ఖాతా వేరు, సామాన్యుని ఖాతా వేరు. డ్రైవరు లోపలి గదిలోనికి పోవు వస్తువు గనుక యజమాని యనుమతి కావలెను. 2021లో విండోస్ ముద్రణ వ్యవస్థయందు ప్రింట్‌నైట్‌మేర్ అను పేరుగల ప్రమాదకరమైన లొసుగు బయటపడినది. ఆ యేడు ఆగస్టులో వచ్చిన సవరణ తరువాత, ఇతర కంప్యూటర్లకు తగిలించి అందరు పంచుకొను ప్రింటర్ల డ్రైవర్ల విషయమున ఈ కట్టుబాటు మరింత బిగిసినది. కావున డ్రైవరు కార్యక్రమముపై కుడిమీట నొక్కి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అను దానిని ఎన్నుకొనుడు. ల్యాప్‌టాపు ఏదైన సంస్థవారు ఇచ్చినదైనచో తాళము వారియొద్దనే యుండవచ్చును, వారినే యడుగవలెను. కొన్ని క్రొత్త ల్యాప్‌టాపులు ఎస్ మోడ్ అను కట్టుదిట్టములో వచ్చును. ఆ స్థితిలో దుకాణమునుండి గాక బయటినుండి తెచ్చిన కార్యక్రమములను అది నడపదు. ఎస్ మోడ్‌నుండి ఉచితముగా బయటికి రావచ్చును గాని మరల లోనికి పోవ వీలులేదని తెలిసి చేయవలెను.

ఐదవ కారణము, క్యూ నిలిచిపోవుట. ప్రింటరు పనులను వరుసలో నిలబెట్టు గుమాస్తా యొకడు ల్యాప్‌టాపులో నుండును. వాని పేరు ప్రింట్ స్పూలర్. వాడు నిద్రించినచో డ్రైవరును ఎక్కదు, పుటయు కదలదు. వెదకుచోట సర్వీసెస్ అని కొట్టి తెరచి, జాబితాలో ప్రింట్ స్పూలర్‌ను ఆపుడు. విండోస్ అను పెట్టెలో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ అను అరలో మిగిలిన పాత పనులను తుడిచివేసి, స్పూలర్‌ను మరల నడపుడు. ఆ యొక్క యర తప్ప ప్రక్కవాటిని ముట్టరాదు.

ఆరవ కారణము, డ్రైవరే యసంపూర్ణముగా దిగుట. ఫోను నెట్టుమీద దింపుకొనునప్పుడు నడుమ తెగినచో ఫైలు సగమే యుండును. తీసివేసి మరల దింపుకొనుడు.

ఇవన్నియు చేసినను కుదరనిచో తయారుదారు పాత నమూనాకు క్రొత్త డ్రైవరు వ్రాయుట మానియుండవచ్చును. అప్పుడు విండోస్‌లోనే యుండు సామాన్య దుబాసీని ప్రయత్నింపవచ్చును. యాడ్ డివైస్ అనుచోట చేతితో చేర్చు దారిని ఎన్నుకొనగా తయారుదారుల జాబితా, దానిలో నమూనాల జాబితా కనబడును. సొంత నమూనా లేకున్నచో అదే కుటుంబములోని దగ్గరి నమూనా పనిచేయుట కలదు. విండోస్ విడిచిన పాత ప్రింటర్లలో కొన్ని లినక్స్‌లో చక్కగా పనిచేయును. అచ్చట 1999లో వెలువడిన కప్స్ అను ముద్రణ వ్యవస్థ అనేక నమూనాలను కాపాడుచున్నది.

ప్రింటరు కొననున్నవారికొక మాట

ఈ దుబాసీల గోల మెల్లగా తగ్గుచున్నది. ప్రింటర్లన్నియు ఒకే సామాన్య భాష నేర్చినచో ప్రతి యంత్రమునకు వేరు దుబాసీ యెందులకని తయారుదారులే యాలోచించిరి. 2013లో ఏర్పడిన మోప్రియా కూటమి అట్టి ప్రయత్నములలో నొకటి. సామాన్య భాష తెలిసిన ప్రింటరును క్రొత్త ల్యాప్‌టాపును ఫోనును కూడ వేరు డ్రైవరు లేకయే గుర్తించును. తయారుదారుల డ్రైవర్లను క్రమముగా విడిచి ఈ మార్గమునకే మరలెదమని మైక్రోసాఫ్ట్ సంస్థ 2023 సెప్టెంబరులో ప్రకటించినది. కావున క్రొత్తగా కొనువారు పెట్టెమీద మోప్రియా గాని ఎయిర్‌ప్రింట్ గాని యను గుర్తు ఉన్నదో లేదో చూడుడు. పాతది తెచ్చుకొనువారు సొమ్ము ఇచ్చుటకు ముందే ఆ నమూనాకు తమ ల్యాప్‌టాపు జాతి డ్రైవరు తయారుదారు పుటలో ఉన్నదో లేదో చూచి మరియు కొనవలెను. విండోస్ 10కి సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవని కూడ గుర్తుంచుకొనవలెను.

వైఫై ప్రింటరు తెచ్చినవారికి మరియొక చిక్కు వచ్చును. చవక రకములలో పెక్కులు 2.4 గిగాహెర్ట్జ్ అను తరంగశ్రేణినే యెరుగును. ల్యాప్‌టాపు ఒక నెట్టుమీదను, ప్రింటరు పొరుగు ఖోలీ నెట్టుమీదను ఉన్నచో ఒకదానికొకటి కనబడవు. రెండును ఒకే నెట్టుమీద నుండవలెను.

జాగ్రత్త

ఇప్పుడు చెప్పబోవునది డ్రైవరుకంటె ముఖ్యము. మా విద్యార్థిని తండ్రి యొకరు, నాకామీద నిలిచి కూలి వెదకుకొను మేస్త్రీ, కూతురి చదువునకై పాత ల్యాప్‌టాపును ప్రింటరును తెచ్చెను. డ్రైవరు ఎక్కలేదు. తనకు తెలియని యంత్రమును కూతురు పాడుచేసినదని ఆమెను కోపించెను. పిల్ల భయపడి, తండ్రి కోపము చల్లార్చుటకై ఎవ్వరికి చెప్పకుండ అంతర్జాలములో సహాయపు నంబరు వెదకి ఫోను చేసినది. అవతలివాడు మర్యాదగా మాటలాడి, ల్యాప్‌టాపును తన చేతికిచ్చు కార్యక్రమమొకటి ఎక్కింపుమనెను. తరువాత తండ్రి ఫోనునకు వచ్చిన ఓటీపీ చెప్పుమనెను. రెండు వారముల కూలి పోయినది. ఆ తండ్రి మా వద్దకు వచ్చి, "సారూ, మిషన్ పోతే పోయింది, పిల్లను తిట్టి ఇంత చేసుకున్న" అని తలవంచుకొని కూర్చుండెను. ఆ ప్రింటరును మేము చూచితిమి. తీగ సరియైనదే. నమూనా సంఖ్య చివరి యక్షరము తప్పుగా చూచి వేరొక డ్రైవరు దింపుకొనుటయే కారణము. పది నిమిషముల పని.

కావున తలిదండ్రులకు మా ప్రార్థన. డ్రైవరును తయారుదారు సొంత పుటనుండి మాత్రమే దింపుకొనుడు, అది ఉచితము. డబ్బు అడుగునది, "మీ కంప్యూటరులో వంద తప్పులున్నవి" అని బెదరించునది నమ్మదగినది కాదు. సహాయపు నంబరును ప్రింటరు పెట్టెమీదను పుస్తకములోను చూడుడు గాని వెదకు పుటలో మొదట కనబడినదానిని నమ్మవలదు. మీరెరుగనివానికి ల్యాప్‌టాపును దూరమునుండి నడపు అధికారమీయకుడు. ఓటీపీ ఎవ్వరికిని చెప్పకుడు. పొరపాటున సొమ్ము పోయినచో సిగ్గుపడి ఊరకుండక, వెంటనే 1930 అను జాతీయ సైబరు నేరముల సహాయ సంఖ్యకు ఫోను చేయుడు. ఎంత త్వరగా చెప్పిన అంత మేలు. అన్నిటికిని మించి, పిల్లలను కోపింపకుడు. డ్రైవరు కుదరకపోవుట పిల్లల తప్పు కాదు. భయపడిన పిల్లయే మోసగానికి దొరకును.

ఏదియు కుదరనప్పుడు

గడువు రేపే యైనప్పుడు డ్రైవరుతో కుస్తీ పట్టరాదు. అట్టి సమయమునకు చాటుదారి యొకటి కలదు. విండోస్ 10 మొదలుకొని ప్రతి ల్యాప్‌టాపులోను మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ అను కాగితములేని ప్రింటరొకటి యున్నది. దరఖాస్తును దానికి పంపినచో పీడీఎఫ్ ఫైలుగా మారును. దానిని పెన్‌డ్రైవులో వేసికొని మూలనున్న జెరాక్సు దుకాణమునకు పోయి అచ్చువేయించుకొనుడు.

తెలుగు కాగితములకు ఈ పద్ధతి మరింత మేలు. యూనికోడ్ అను సార్వత్రిక లిపిపట్టికలో 1991 నాటి మొదటి కూర్పునందే మన లిపికి స్థానము దొరకినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అను తెలుగు అక్షరరూపముతో వచ్చినది. అయినను పాత పద్ధతిలో టైపుచేసిన తెలుగును మూల ఫైలుగా తీసికొనిపోయినచో, ఆ యక్షరరూపము లేని దుకాణపు కంప్యూటరులో అది పిచ్చివ్రాతగా మారును. పీడీఎఫ్‌లో అక్షరముల రూపము సాధారణముగా ఫైలుతోనే ప్రయాణము చేయును. ఇంటి ప్రింటరులోనే ఒత్తులు ఊడిపోయినను, అక్షరములకు బదులు గళ్ళు వచ్చినను, పీడీఎఫ్ చూపు కార్యక్రమమున ప్రింట్ యాజ్ ఇమేజ్ అను దానిని ఎన్నుకొనుడు. అప్పుడు పుట బొమ్మగా పోవును. దుబాసీకి తెలుగు రాకున్నను నష్టములేదు. దుకాణమున పని ముగియగానే మీ ఫైలును అచ్చటి కంప్యూటరునుండి తుడిపించి మరియు రావలెను. ఆధారు నకలు పరుల యింట విడిచిరాదగినది కాదు.

మన తాతలు ముకద్దము నోటిలోని మాటతో బ్రతికిరి. అతడు సరిగా చెప్పెనో లేదో తెలిసికొనుటకు వారికి మార్గము లేకుండెను. మన పిల్లలు తెలుగున మొదలుపెట్టి మరాఠీ, హిందీ, ఇంగ్లీషు నేర్చి తమకు తామే దుబాసీలగుచున్నారు. ఇక యంత్రముల దుబాసీని కూడ వారు గుర్తెరిగి సరిదిద్దుకొనగలరు. అందుకు కావలసినది గొప్ప చదువు కాదు. నిదానము, వ్రాసికొన్న నమూనా సంఖ్య, ప్రక్కన కూర్చుండి కోపింపని తల్లియో తండ్రియో. ఈ వ్యాసము పుటలను కత్తిరించి ల్యాప్‌టాపు సంచిలో నుంచుకొన్నను మాకభ్యంతరము లేదు. సంచికను మాత్రము పిల్లలు చదివిన తరువాతనే కత్తిరింపవలెనని మనవి.